నూనె చిట్లి చెయ్యి కాలితే కలబంద రాయొచ్చా?

రాయొచ్చు కానీ వెంటనే కాదు, ముందు కాలినచోట కుళాయి కింద 20 నిమిషాలు మామూలు చల్లనీళ్లు పోనివ్వండి, ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ అసలే వద్దు (చాలా ఇళ్లల్లో ముందు అదే తెస్తారు). ఆ తర్వాత చర్మం ఎర్రబడి మంట మాత్రమే ఉంటే కలబంద గుజ్జు బానే పనిచేస్తుంది, చల్లగా ఉంటుంది, తేమ ఆరిపోనివ్వదు, పైపైన కాలిన గాయాలు కాస్త త్వరగా మానతాయని కొన్ని పరిశోధనల్లో కూడా వచ్చింది. ఆకు కోయగానే పసుపుపచ్చగా కారే జిగురుని మాత్రం పూర్తిగా కడిగేయాలి, అందులో అలోయిన్ అనే పదార్థం ఉంటుంది, కొందరికి దురద పెడుతుంది. బొబ్బ చిట్లినా, చర్మం తెల్లగానో మాడినట్టో కనిపించినా ఏ ఆకూ పెట్టకుండా డాక్టర్ దగ్గరకి వెళ్లండి, ఇన్ఫెక్షన్ రావొచ్చు. మరి గడ్డిచామంతి పసరు పెట్టొచ్చా అంటారా, అది ఊళ్లల్లో కోసుకున్న గాయానికి రక్తం ఆగాలని పెట్టేది, కాలినదానికి కాదు.