జపాన్ ముఠా యమగుచి-గుమి చరిత్ర ఏమిటి? దాన్ని ఎవరెవరు నడిపారు? అక్కడ ఉండేవారికి వాళ్లు కనిపిస్తారా?

కోబెలో ఉద్యోగం చేస్తున్నాను. ఈ ముఠా పుట్టిన ఊరు ఇదే. పచ్చబొట్లు, తప్పుకు శిక్షగా తెగిన వేళ్ల గురించి అందరూ చెబుతారు. ఈ చరిత్రలో నన్ను పట్టి చదివించింది మాత్రం వారసత్వపు గొడవలు.

1915లో అవాజి దీవికి చెందిన యమగుచి హరుకిచి కోబె రేవు కూలీలను కూడగట్టి దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత కొడుకు నొబోరు. అప్పటికింకా ఇది ఊరి ముఠాయే. దేశమంతా విస్తరించింది మూడో నాయకుడు తావోకా కజువో హయాంలో. 1946లో పగ్గాలు పట్టి, 1981లో చనిపోయేదాకా వదల్లేదు. రేవు పనులతో ఆగక వినోద రంగంలోనూ కాలు మోపాడు. ఆ కాలపు మేటి గాయని మిసోరా హిబారి కచేరీల వెనుక ఉన్నదీ ఆయనే. 1978లో క్యోటోలోని ఒక క్లబ్బులో ప్రత్యర్థి ముఠా మనిషి కాల్చినా బతికి బయటపడ్డాడు.

ఆయన పోయాకే అసలు చిక్కు మొదలైంది. వీళ్లలో నాయకుడు తండ్రి, అనుచరులు బిడ్డలు; సాకే (బియ్యపు మద్యం) కప్పుతో ఆ బంధం ముడిపడుతుంది. తండ్రి కన్నుమూస్తే, నిన్నటి దాకా తోటివాడిగా ఉన్న మనిషిని తండ్రిగా ఒప్పుకోవాలి. అది ఎంతమందికి మింగుడుపడుతుంది? పైగా వారసుడనుకున్న యమమోతో కెనిచి 1982లో చనిపోయాడు. కొంతకాలం తావోకా భార్య ఫుమికో మాటే చెల్లింది. 1984లో టకెనాకా మసాహిసాను నాలుగో నాయకుడిగా నిలబెట్టగానే, యమమోతో హిరోషి వర్గం విడిపోయి ఇచివా-కై పెట్టుకుంది. 1985 జనవరిలో ఒసాకా పక్కనున్న సుయితాలో టకెనాకాను కాల్చి చంపారు. 1989లో ఇచివా-కై రద్దయ్యేలోపు 20 మందికి పైగా హతమయ్యారు. జనం విసిగిపోయారు, 1992లో ముఠాల నియంత్రణ చట్టం అమల్లోకి వచ్చింది.

ఐదో నాయకుడు వతనాబె యోషినోరి కాలంలోనే 1995 కోబె భూకంపం వచ్చింది. ముఠా ఆహారం, నీళ్లు పంచింది. అది దయాగుణమో ప్రచారమో మీరే తేల్చుకోండి. నా అనుమానం రెండోదాని మీదే. 2005లో వచ్చిన ఆరో నాయకుడు సుకాసా షినోబు నగోయా వర్గం మనిషి. కొద్ది నెలలకే తుపాకీ కేసులో జైలుకెళ్లి 2011లో తిరిగొచ్చాడు. నగోయావాళ్ల పెత్తనం, నెలవారీ చందాల భారం భరించలేని వర్గాలు 2015లో, సరిగ్గా నూరేళ్లు నిండిన ఏడాదే, ఇనోవె కునియో వెంట బయటికొచ్చి కోబె యమగుచి-గుమి పెట్టాయి. ఇక కొట్లాడబోమని 2025 ఏప్రిల్‌లో పాత ముఠా పోలీసులకు లేఖ ఇచ్చింది.

ఇక మీ చివరి ప్రశ్న. నాకు వాళ్లు ఎదురైంది కాగితాల్లోనే. ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు, బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు, ఏ నేర ముఠాతోనూ సంబంధం లేదని సంతకం పెట్టాను. మనకది లాంఛనం. ముఠా సభ్యుడు అక్కడ అబద్ధమాడితే మోసం కేసు పెట్టవచ్చు. ముఠా వదిలినా మామూలుగా ఐదేళ్ల దాకా ఖాతా తెరవడం కష్టం. ఇల్లు, ఫోను, ఖాతా దొరకని బతుకులోకి కుర్రవాళ్లు ఎందుకు వస్తారు? 1963లో దేశంలోని ముఠాలన్నిటిలో కలిపి సుమారు 1,84,000 మంది ఉండేవారు. ఇప్పుడు 20,000 కూడా లేరు.