కిడ్నీతో పాటు మూలుగ మార్పిడి: ఈ పరిశోధనకు ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. కిడ్నీ ఇచ్చిన దాత ఎముక మూలుగను కూడా ఎక్కిస్తే, కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా జీవితాంతం మందులు వాడే అవసరం తప్పవచ్చని చదివి, ఆ రంగంలోకే వెళ్తానంటోంది. దీనికి ప్రత్యేక కోర్సు ఉందా? నీట్‌లో సీటు రాకపోతే ఎలా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ పేరుతో డిగ్రీ కోర్సు లేదండీ. కిడ్నీ వైద్యులు, రక్తవ్యాధుల నిపుణులు, ఇమ్యునాలజీ (రోగనిరోధక వ్యవస్థ శాస్త్రం) పరిశోధకులు కలిసి చేసే పని ఇది. కాబట్టి తాను రోగుల మధ్య ఉండాలనుకుంటోందా, ప్రయోగశాలలో ఉండాలనుకుంటోందా అన్నది మీ అమ్మాయి ముందు తేల్చుకోవాలి.

ఆమె చదివినది నిజమే. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు 2008లో ప్రచురించిన నివేదిక ప్రకారం, దాత, రోగి కణజాలాలు ఎంతవరకు సరిపోతాయో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్షలో సగమే సరిపోలిన రక్తసంబంధీకుల నుంచి కిడ్నీనీ మూలుగనూ ఒకేసారి పొందిన ఐదుగురిలో నలుగురు ఏడాది అటూఇటూగా మందులన్నీ మానగలిగారు; ఐదో రోగి శరీరం ఆ కిడ్నీని తిరస్కరించింది. ఆశ్చర్యమేమిటంటే, ఆ మూలుగ నుంచి వచ్చిన దాత రక్తకణాలు రోగి రక్తంలో కొద్ది వారాలే కనిపించి మాయమైనా ఆ నలుగురిలో కిడ్నీ నిలిచింది. మన దేశంలో అహ్మదాబాద్ కిడ్నీ సంస్థలో డాక్టర్ హెచ్.ఎల్. త్రివేది మూలకణాలు ఎక్కించే పద్ధతిపై ఏళ్ల తరబడి కృషి చేశారు. అయితే ఇందులో ముందుగా రేడియేషన్, కీమో మందులు ఇవ్వవలసి రావడం, దాత కణాలే రోగి శరీరంపై దాడి చేసే ముప్పు ఉండడం వల్ల ఇది ఇంకా సాధారణ చికిత్స కాలేదు. ఇప్పుడు పదిహేడేళ్ల వయసున్న పిల్లకు అది ఒక రకంగా మంచిదే, చేయవలసిన పని బోలెడు మిగిలి ఉంది.

వైద్యురాలిగా వెళ్లాలంటే ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఎండీ జనరల్ మెడిసిన్ మూడేళ్లు, ఆపైన సూపర్ స్పెషాలిటీ కోర్సు అయిన డీఎంలో నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) లేదా క్లినికల్ హెమటాలజీ (రక్తవ్యాధుల వైద్యం) మరో మూడేళ్లు. ప్రవేశ పరీక్షల మధ్య పోయే కాలం లెక్కలోకి తీసుకోకుండానే పదకొండున్నరేళ్లు. ఇంటి ఆర్థిక పరిస్థితిని బట్టి ఈ మాట ముందే మాట్లాడుకోండి.

నీట్‌లో సీటు రాకపోతే దారి మూసుకుపోదు, నిజానికి ఈ అంశంలోని అసలు ప్రశ్నలు తేలేది ప్రయోగశాలలోనే. దాత తెల్లకణాలను రోగి సీరంతో కలిపి, కాంప్లిమెంట్ (యాంటీబాడీలు అంటుకున్న కణాలను చంపే రక్త ప్రోటీన్లు) చేర్చి, రంగు వేసి ఎన్ని కణాలు చనిపోయాయో సూక్ష్మదర్శినిలో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష, రోగి రక్తంలో దాత కణాలు ఎంత శాతమో డీఎన్‌ఏ గుర్తులతో తేల్చే పరీక్ష వంటివి నేర్చుకోవడానికి ఎంబీబీఎస్ అవసరం లేదు. బయోటెక్నాలజీలోనో లైఫ్ సైన్సెస్‌లోనో ఎమ్మెస్సీ చేసినవారు హెచ్‌ఎల్‌ఏ ల్యాబ్‌లలో పనిచేయవచ్చు. పరిశోధన ఫెలోషిప్ కోసం జరిగే జాతీయ పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్ రాసి ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ వంటి చోట్ల పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. ఏ ల్యాబ్‌లో ఇమ్యునాలజీ పని జరుగుతోందో చూసుకొని చేరడం ముఖ్యం, సంస్థ పేరు చూసి చేరితే మీ అమ్మాయి కోరుకున్న పని దొరకకపోవచ్చు.

ఈ ఏడాది నీట్‌తో పాటు తిరుపతిలోని ఐసర్ (సైన్స్ విద్య, పరిశోధనల కేంద్ర ప్రభుత్వ సంస్థ) వంటి సంస్థల్లో ప్రవేశానికి జరిగే ఐఏటీ (ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్) కూడా రాయించండి. బైపీసీ విద్యార్థులు అర్హులే కానీ అందులో లెక్కల ప్రశ్నలూ ఉంటాయి, వాటికి ఇప్పటినుంచే రోజూ కొంత సమయం కేటాయించమనండి.