కిచెన్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అమ్మకం ధర: జీఎస్టీ ఏ గడిలో, ఎప్పుడు కలపాలి?

సాఫ్ట్‌వేర్‌లో కొన్న ధర ఎక్కించి, లాభం కోసం 1.4తో హెచ్చిస్తుంటే, పన్నుతో సహా ధర మార్కెట్ కంటే బాగా ఎక్కువ వస్తోందని, కారణమేమిటని అడిగారు. నేను కూకట్‌పల్లిలో మాడ్యులర్ కిచెన్లు చేస్తాను. కొటేషన్లన్నీ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లోనే తీస్తాను. మీ లెక్క చెడుతున్నది గుణకం దగ్గర కాదు, కొన్న ధర దగ్గర అని నా నమ్మకం.

ప్లైవుడ్ బిల్లులో అన్నిటికన్నా కింద ఉన్న మొత్తాన్ని ఎక్కించకండి. ఒక క్యాబినెట్ సామాను 10,000 రూపాయలు, జీఎస్టీ 1,800, బిల్లు 11,800 అనుకుందాం. ఆ 1,800 మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకుంటారు, కనుక అది ఖర్చు కాదు. 10,000ను 1.4తో హెచ్చిస్తే 14,000, దానిపై 18 శాతం 2,520, కస్టమరు ఇవ్వాల్సింది 16,520. అదే 11,800 ఎక్కిస్తే, 1.4తో హెచ్చించగానే 16,520 వచ్చేస్తుంది. దానిపై సాఫ్ట్‌వేర్ మళ్లీ 18 శాతం వేసి 19,494 చూపిస్తుంది. ఒక్క క్యాబినెట్‌కే దాదాపు మూడు వేలు తేడా! కస్టమరు మారు మాట్లాడకుండా పక్క షాపుకు వెళ్లిపోతారు. (చిన్న వ్యాపారులు అమ్మకాలపై తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉంటే దారి వేరు: క్రెడిట్ రాదు, పన్ను విడిగా వసూలు చేయకూడదు. అప్పుడు బిల్లు మొత్తమే కొన్న ధర, పన్ను గడిలో సున్నా.)

విదేశీ సాఫ్ట్‌వేర్లలో పన్ను శాతం వేసే గడి పేరు ‘వ్యాట్’ అని ఉంటుంది. మన దగ్గర వ్యాట్ పెట్రోలు, డీజిలు, మద్యం లాంటి వాటికే మిగిలింది కాబట్టి అక్కడ జీఎస్టీ 18 వేయండి. కొందరు లాభం, పన్ను కలిపేసి 1.652 అని ఒకే గుణకం పెట్టుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. 2017 జులైలో చెక్క ఫర్నిచర్‌పై 28 శాతం ఉన్న పన్ను అదే ఏడాది నవంబరులో 18కి తగ్గింది. పన్ను విడి గడిలో ఉంటే ఒక్క అంకె మారిస్తే చాలు. గుణకంలో కలిపేస్తే ప్రతి వస్తువునూ వెతికి సరిచేయాలి.

“అన్నీ కలిపి రెండున్నర లక్షల్లో చేయండి” అనే కస్టమర్లే మనకు ఎక్కువ. అప్పుడు 2,50,000లో 18 శాతం తీసేస్తే 2,05,000 మిగులుతుంది, అది తప్పు. 1.18తో భాగించాలి: అసలు ధర 2,11,864, పన్ను 38,136. తీసివేతతో లెక్క కట్టినవారు దాదాపు ఏడు వేల రూపాయల పనిని కొటేషన్‌లోంచి ఊరికే కోసేసుకుంటారు.

చిమ్నీ, హాబ్ (గట్టులో అమర్చే స్టవ్) లాంటివి వేరే జాబితాలో పెట్టుకోండి. పెట్టె మీద ఉన్న ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాన్ని మించి అమ్మకూడదు. ఎమ్మార్పీకే అమ్మేటట్లయితే దాన్ని 1.18తో భాగించి అమ్మకం ధరగా ఎక్కించండి, ఆ జాబితాకు గుణకం 1 ఉంచండి. డిస్కౌంటు ఇస్తే పన్నుకు ముందే తగ్గించి బిల్లులో చూపించండి. పైసలను దగ్గరి రూపాయికి వస్తువు వస్తువుకూ సవరించకుండా చివరి మొత్తంలో ఒక్కసారే సవరించేలా సెట్టింగు మార్చుకోండి.