డెన్మార్క్‌లో పాత టేకు ఫర్నిచర్ కొని బాగుచేసుకోవచ్చా? కర్టెన్లకి కూడా పాత బట్టే వెతకాలా?

మీరు కోపెన్‌హాగెన్‌లో ఇల్లు తీసుకున్నారు, 1950లు, 60ల నాటి డేనిష్ కుర్చీలు, టేకు అల్మరాలు అంటే ఇష్టం అన్నారు. పాతవి కొని బాగుచేయించుకోవాలా, అవే డిజైన్లలో ఇప్పుడు తయారవుతున్నవి కొనాలా, కర్టెన్లకి, కుషన్లకి కూడా ఆ కాలం బట్టే కావాలా అని అడిగారు. మేము చాలాకాలంగా ఇక్కడే ఉంటున్నాం, మా ఇంట్లో సగం సామాను అలా సమకూర్చుకున్నదే. నేనైతే చెక్క పాతది కొనమంటాను, బట్ట మాత్రం కొత్తదే తీసుకోమంటాను.

మొదట కుర్చీల సంగతి. డేనిష్ డిజైనర్ బోర్గె మోగెన్‌సెన్ 1947లో జె39 అనే కుర్చీని ఎఫ్‌డీబీ అనే వినియోగదారుల సహకార సంఘం కోసం రూపొందించాడు. మామూలు కుటుంబాలు కొనుక్కోగలగాలన్నదే దాని ఉద్దేశం, అందుకే ఇక్కడ దాన్ని ప్రజల కుర్చీ అంటారు. కొత్తది ఇప్పటికీ ఫ్రెడెరిసియా కంపెనీ చేస్తోంది, చక్కగా చేస్తోంది కూడా. కానీ దశాబ్దాలుగా తయారవుతున్న కుర్చీ కాబట్టి రెడ్‌క్రాస్ వాళ్ల సెకండ్‌హ్యాండ్ షాపుల్లోనో, ఆన్‌లైన్‌లోనో పాతవి దొరుకుతూనే ఉంటాయి. సీటు జారిపోయి ఉంటే ధర ఇంకా తగ్గుతుంది. అలాంటివే కొనండి. కాళ్లు గట్టిగా ఉన్నాయా, అతుకుల దగ్గర చెక్క చీలిందా అన్నది చూసుకుంటే చాలు. అతుకు వదులైనా భయం లేదు, విప్పి, పాత జిగురు గీకేసి, మళ్లీ జిగురు పెట్టి బిగిస్తే కుదురుకుంటుంది. ఎవరైనా మేకులు కొట్టి, ఇనప పట్టీలు వేసిన కుర్చీని మాత్రం వదిలేయండి.

ఆ సీటు కాగితాన్ని మెలిపెట్టి చేసిన తాడుతో అల్లింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బయటి నుంచి వచ్చే నారతాళ్లు దొరక్క ఇది వాడకంలోకి వచ్చింది, తర్వాత దీని బలం తెలిసి అలాగే ఉండిపోయింది. మళ్లీ అల్లడం ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత తాడు కోసేసి, లోపలి చిన్న మేకులు పీకేస్తే ఖాళీ చట్రం మిగులుతుంది. ముందు వైపు వెడల్పు ఎక్కువ ఉంటే, ముందు మూలల్లో పొట్టి తాళ్లు వేసి ఆ తేడా పూడ్చాలి. తర్వాత తాడు ఒక మూల పట్టీ మీదుగా కిందికి దించి, పక్క పట్టీ మీదుగా తిప్పి, ఎదుటి మూలకి లాక్కుంటూ నాలుగు మూలల నుంచీ మధ్యకి రావాలి. ప్రతి చుట్టూ బిగిలాగి, చెక్కముక్క ఆనించి సుత్తితో పక్కకి నెట్టాలి. నులక మంచం బిగించిన చేతికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు కాసేపు చూసి తాడు తన చేతిలోకి తీసుకున్నారు, ఆయన లాగిన వరసలు ఇప్పటికీ సడల్లేదు. వీపు దగ్గర వై ఆకారం ఉండే హాన్స్ వెగ్నర్ కుర్చీ, అదే 1949 నాటి సీహెచ్24, చూసే ఉంటారు. దాని సీటుకి సుమారు 120 మీటర్ల తాడు పడుతుంది. దాన్ని మొదటే మీద వేసుకోకండి, జె39తో మొదలుపెట్టండి.

పాలిష్ విషయంలో తొందర వద్దు. ఓక్, బీచ్ చెక్కకి ఇక్కడ సబ్బు పూత పెడతారు. రంగూ వాసనా లేని సబ్బు రేకులు గోరువెచ్చటి నీళ్లలో కలిపి, చెక్క గీత వెంబడి పట్టించి, మిగిలింది తుడిచేయడమే. చెక్క పసుపుపచ్చగా మారకుండా లేతగా, చేతికి మెత్తగా ఉంటుంది. టేకుకైతే నూనె. నూనె పట్టించిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడెక్కుతుంది, గుడ్డలు వాటంతట అవే అంటుకున్న సందర్భాలున్నాయి. విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

టేకు అల్మరాలు చాలావరకు పూర్తి టేకు కావు, పైన పల్చటి టేకు పొర అతికించినవి. ఆ పొర మిల్లీమీటర్ మందం కూడా ఉండదు. మెషీన్‌తో శాండ్‌పేపర్ పట్టిస్తే కింద చెక్క బయటపడుతుంది, ఇక చేయగలిగేది లేదు. చేత్తోనే, నెమ్మదిగా. ఇంకోటి, ముదురు రంగు రోజ్‌వుడ్ సామాను బ్రెజిల్ చెక్కదైతే జాగ్రత్త. ఆ చెట్టు 1992 నుంచి, అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో అత్యంత రక్షణ ఉన్న జాబితాలో ఉంది. ఆ కాలం సామాను ఇక్కడ అమ్మాలన్నా సర్టిఫికెట్ ఉండాలి, మన దేశానికి తీసుకెళ్లాలన్నా అనుమతి పత్రాలు ఉండాలి. కొనేముందే అడిగి చూడండి.

ఇక బట్ట. యాభై, అరవై ఏళ్లు కిటికీకి వేలాడిన లినెన్‌ని ఎండ తినేసి ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉన్నా, కుట్టు వేస్తే అక్కడే చిరుగుతుంది. పైగా పాత డిజైన్లు ఇప్పటికీ అచ్చవుతున్నాయి కదా. జోసెఫ్ ఫ్రాంక్ వియన్నా నుంచి స్వీడన్ వచ్చిన యూదు వాస్తుశిల్పి. స్టాక్‌హోమ్‌లో స్వెన్స్క్ట్ టెన్ దుకాణం పెట్టిన ఎస్ట్రిడ్ ఎరిక్సన్ అతనికి పని ఇచ్చింది. యుద్ధకాలంలో అతను న్యూయార్క్‌లో ఉన్నాడు. 1944లో ఆమె 50వ పుట్టినరోజుకి అక్కడి నుంచి 50 కొత్త డిజైన్లు గీసి పంపాడు. పూలు, తీగలు, పక్షులతో నిండిన అతని బట్టలు నేటికీ అదే దుకాణం అమ్ముతోంది. ఫిన్లండ్ బట్టల కంపెనీ మారిమెక్కో వాళ్ల ఉనిక్కో పువ్వు డిజైన్ కూడా అంతే, మైయా ఇసోలా 1964లో గీసింది. పూల డిజైన్లు వద్దన్న ఆ కంపెనీ స్థాపకురాలు ఆర్మి రాతియా మాట కాదని మరీ గీసింది! నాకు ఆ ధైర్యం చాలా ఇష్టం.

ఇవి మీటరు లెక్కన దొరుకుతాయి, ఖరీదే. గది మొత్తానికి అక్కర్లేదు. ఒక కిటికీకి పెద్ద పువ్వు, మిగతా కిటికీలకి సాదా లినెన్ వేయండి, మిగిలిన ముక్కలు కుషన్లకి సరిపోతాయి. పాత కుషన్ల లోపలి ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే తప్పకుండా మార్పించండి.

కొనడానికి వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లండి. ఆ కాలం భోజనాల బల్లలు చాలావరకు ఇప్పటివాటికంటే కాస్త పొట్టి. మీ ఇంట్లో పొడుగువాళ్లుంటే షాపులోనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, మోకాళ్లు తగులుతున్నాయేమో చూసుకుని అప్పుడు డబ్బు కట్టండి.