'మనుష్యులను పట్టు జాలరులు' అంటే గాలం వేయమని కాదు

చర్చి యవ్వనస్థుల కూటంలో విన్న, బైబిల్లో యేసు అన్న ఈ మాటను మీరు స్నేహితుడితో అంటే, "అయితే నేను చేపనా? నాకు ఎర వేస్తున్నావా?" అని నొచ్చుకున్నాడని, ఇప్పుడు అతనికి ఏం చెప్పాలని అడిగారు.

అతను నొచ్చుకోవడంలో తప్పేమీ లేదు. నేనూ ఒకప్పుడు ఆ చేపనే. చదువుకునే రోజుల్లో ఇంటర్వ్యూలకు ఎలా తయారవ్వాలో చెప్పే సెమినార్ అని పిలిస్తే వెళ్లాను. పావుగంట రెజ్యూమె గురించి మాట్లాడి, గిటార్ బయటికి తీశారు. పాటలు బాగానే ఉన్నాయి, చెప్పిన వాక్యం కూడా మంచిదే. కానీ నా బుర్రలో ఒకటే తిరుగుతోంది: ఈ సంగతి ముందే చెబితే ఏం పోయింది? చివర్లో ఒక కార్డు ఇచ్చి ఫోన్ నంబరు రాయమన్నారు. ఆ తర్వాత వచ్చిన ఫోన్లకు, ఏ కొత్త నంబరు కనబడినా టెన్షనే.

యేసు ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. పేతురు, అంద్రెయలతో. వాళ్లూ, ఆ వెంటనే పిలిచిన యాకోబు, యోహానులూ, నలుగురూ గలిలయ సముద్రం మీద వలలు వేసి బతికేవాళ్లు. వలకు ఎర ఉండదు. యేసు జీవితం చెప్పే సువార్తల్లో గాలం మాట వచ్చేది ఒక్కచోటే, మత్తయి 17వ అధ్యాయంలో, అదీ దేవాలయపు పన్ను కట్టడానికి చేప నోట్లో నాణెం దొరికిన సందర్భంలో. నిజానికి పాత నిబంధనలో మనుషుల్ని చేపల్లా పట్టడం భయపెట్టే మాటే. ఆమోసు 4లో, హబక్కూకు 1లో శత్రువులు జనాన్ని గాలాలతో లాక్కుపోతారు. అందుకేనేమో, లూకా 5లో పేతురుతో యేసు ముందు "భయపడకుము" అని, ఆ తర్వాతే మనుషుల్ని పట్టే సంగతి ఎత్తాడు.

మా మేనమామది వల పని. సెలవులకు వెళ్తే ఆయన చేపలు పట్టడం కంటే వల బాగుచేయడమే ఎక్కువగా చూసేవాణ్ణి. వల అంచు కాలి బొటనవేలికి తగిలించి బిగుతుగా లాగేవాడు. చిరిగిన చోట వెంటనే దారం కట్టేవాడు కాదు. ముందు చుట్టూ తెగిన పోగులన్నీ కత్తితో కోసేసి, చిరుగును ఇంకా పెద్దది చేసేవాడు. పాత పోగు మీద ముడి వేస్తే నిలవదట. మార్కు 1లో యేసు పిలిచేసరికి యాకోబు, యోహాను దోనెలో కూర్చుని చేస్తున్నదీ ఈ పనే.

నా విషయంలోనూ పనిచేసింది అలాంటి బాగుచేతే. నా రూమ్మేట్ నన్ను ఏ మీటింగుకీ పిలవలేదు. ఒకసారి ఇద్దరికీ పెద్ద గొడవైంది, తప్పు సగం నాదే. ఆ రాత్రే వచ్చి, నా సగం ఊసెత్తకుండా, తన సగానికి క్షమించమన్నాడు. ఎందుకలా చేశావని నేనే అడిగాను. అప్పుడు మొదటిసారి యేసు పేరెత్తాడు. నేను బాప్తిస్మం తీసుకున్నది చాలా కాలం తర్వాత.

ఇంకొకటి. మత్తయి 13లో యేసు చెప్పిన ఉపమానంలో వల అన్ని రకాల చేపల్నీ పోగుచేస్తుంది, వేరుచేసే పని దేవదూతలది. కాబట్టి ఎవరు వస్తారు, ఎవరు రారు అని ముందే లెక్కలు వేయడం మన పని కాదు. ఈ నెల ఎన్ని ఆత్మలు, అంటే ఎంతమందిని విశ్వాసంలోకి తెచ్చారు అని రిపోర్టు అడిగే నాయకులంటే నాకు ఇప్పటికీ చిరాకే.

పోలికకు హద్దు కూడా ఉంది. పట్టిన చేప చస్తుంది కదా! యోహాను 21లో వలలో 153 పెద్ద చేపలు పడ్డాయి, ఒడ్డున అందరూ భోజనం చేశారు. ఆ తర్వాత పేతురుతో యేసు మాట్లాడింది చేపల గురించి కాదు, గొర్రెల్ని మేపడం గురించి.

మీ స్నేహితుడికి ఇదంతా వివరించనక్కర్లేదు. అది జాలరులతో వాళ్ల పని భాషలో అన్న మాట అని, నిన్ను ఎక్కడికి పిలిచినా ఎందుకు పిలుస్తున్నానో ముందే చెప్తానని, వద్దంటే మళ్లీ అడగనని చెప్పండి. అన్నాక నిజంగానే అడగకండి. వచ్చే కూటానికి మాత్రం అతన్ని పిలవొద్దు.