రేణిగుంట ప్లాన్‌లో తప్పు లీటర్లలో కాదు, ప్రత్యామ్నాయంలో

పైలట్ శిక్షణలో మీరు వేసిన ఇంధన ప్లాన్‌ని ఇన్‌స్ట్రక్టర్ ఎందుకు రెండుసార్లు తిప్పి పంపారని అడిగారు. కారణం చెన్నై అయి ఉండొచ్చు. బేగంపేట నుంచి రేణిగుంటకు (తిరుపతి విమానాశ్రయం), అదీ నవంబరులో, ప్రత్యామ్నాయం (అక్కడ దిగలేకపోతే మళ్లే విమానాశ్రయం) చెన్నై అని రాశారు. లీటర్ల కూడికలు సరిగ్గానే ఉన్నాయి.

చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ప్రత్యామ్నాయంలోనూ అదే వాతావరణం ఉంటుందా అని చూడటం. రేణిగుంట, చెన్నై విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 100 కి.మీ. ఈశాన్య రుతుపవనాల్లో వాయుగుండం పడితే తిరుపతిలో కురిసే వాన, చెన్నైలో కురిసే వాన ఒకే మబ్బుది. రేణిగుంటలో దిగలేని రోజు చెన్నైలోనూ దిగలేకపోవచ్చు. అప్పుడు మీ చేతిలో మిగిలేది తుది నిల్వ (అత్యవసరానికి ఉంచే ఇంధనం) ఒక్కటే, దాన్ని ముట్టుకోకూడదు.

1. బెంగళూరు వాతావరణం చూసి, బాగుంటే దాన్ని ప్రత్యామ్నాయంగా పెట్టండి. రేణిగుంట నుంచి సుమారు 200 కి.మీ.

2. సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానానికి గంటకు 34 లీటర్లు, వేగం గంటకు 200 కి.మీ. అనుకుంటే: ప్రయాణానికి 75, బెంగళూరుకు 34, 45 నిమిషాల తుది నిల్వకు 26. మొత్తం 135 లీటర్లు. టాక్సీ (నేల మీద నడపడం), ఎదురుగాలి, హోల్డింగ్ (దిగే ముందు గాల్లో తిరుగుతూ ఆగడం) దీనికి అదనం. మీ విమానం హ్యాండ్‌బుక్ అంకెలే వేసుకోండి.

3. ట్యాంకు మొత్తం కాదు, వాడుకోదగ్గ ఇంధనమే లెక్క. సెస్నా 172ఎస్ రకంలో ట్యాంకు 212 లీటర్లైతే వాడుకోదగ్గవి 200 లీటర్లే.

4. ఎన్ని లీటర్లు మిగిలినప్పుడు రేణిగుంట వదిలి మళ్లాలో ఆ అంకెను నీబోర్డు (తొడకు కట్టుకునే రాత పలక) మీద ముందే రాసుకోండి. గాల్లో ఆ అంకె వస్తే దిగడానికి ఇంకో ప్రయత్నం వద్దు, మళ్లిపోండి.