ఉడుకన్నంల కలిపి చూసిన్రా?

అడిగిన ప్రశ్న: కొత్తగా పచ్చళ్లు, పొడులు తయారుచేసి అమ్మాలనుకునేవాళ్లకి పద్ధతి ప్రకారం చేసే రుచి పరీక్షలు అవసరమా? ఇంట్లోవాళ్లకీ, స్నేహితులకీ తినిపించి చూస్తే సరిపోదా?

సరిపోదు. హైదరాబాద్ శివార్లలో ఒక పచ్చళ్ల కంపెనీలో పదకొండేళ్లు క్వాలిటీ చూసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. ఇంట్లోవాళ్లు మీ మొహం చూసి తింటారు. వండిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే బాగాలేదని చెప్పే అలవాటు మనకి లేదు. పెళ్లిభోజనంలో ఉప్పు ఎక్కువైనా 'బ్రహ్మాండం' అనే వస్తాం. అలాగని గదిలో కూర్చోబెట్టి ఫారం నింపిస్తే నిజం దానంతటదే బయటికొస్తుందనుకోవడమూ పొరపాటే. గోంగూర పచ్చడితో నాకు జరిగింది చెప్తాను.

అప్పట్లో నువ్వుల నూనె ధర బాగా పెరిగింది. సగం తీసేసి రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ కలిపితే ఎవరికైనా తెలుస్తుందా అని పైవాళ్లు అడిగారు. ట్రయాంగిల్ టెస్ట్ పెట్టాం. మనిషికి మూడు కప్పులు. రెండింట్లో ఒకటే పచ్చడి, మూడోది వేరు. ఆ వేరేది ఏదో పట్టుకోవాలి. కప్పుల మీద ఎ, బి, సి అని రాస్తే 'ఎ' మంచిదన్న భావం వచ్చేస్తుంది కాబట్టి మూడంకెల నంబర్లు వేశాం. నూనె రంగులో తేడా కనిపించకుండా ఎర్ర బల్బు పెట్టాం. కప్పుల వరస ఒక్కొక్కరికీ మార్చాం. పుస్తకంలో ఉన్నవన్నీ చేశాం. 24 మందిలో కరెక్టుగా చెప్పింది 9 మంది. కళ్లు మూసుకుని ఏదో ఒక కప్పు చూపించినా ముగ్గురిలో ఒకరిది కలుస్తుంది, అంటే 8 మంది. కనీసం 13 మంది చెప్తేనే తేడా ఉందని నమ్ముతాం. 'తేడా లేదు' అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను.

సరుకు బయటికెళ్లిన నెలలోపే దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి షాపుల నుంచి ఫోన్లు. 'ఇదివరకటి వాసన లేదు' అని ఒకటే మాట. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. రిపోర్టు నాది కదా.

మిక్సింగ్ దగ్గర పనిచేసే పెద్దావిడ ఒకామె ఉండేది, మెదక్ వైపు మనిషి. కలిపేటప్పుడు చేతికి గ్లవుజు, ముక్కుకి కొంగు. నేను దిగాలుగా కూర్చుంటే వచ్చి అడిగింది: 'చెంచాతోటి నాకితె పచ్చడి ఏం తెలుస్తది మేడం? ఉడుకన్నంల కలిపి చూసిన్రా?'

చూడలేదు. ఏసీ గదిలో, చల్లటి పచ్చడి, ప్లాస్టిక్ చెంచా. నువ్వుల నూనె వాసన వేడి తగిలితేనే పైకి లేస్తుంది. పైగా గోంగూర పులుపు, ఎండుమిరప కారం మొదటి కప్పుకే నాలుకని మొద్దుబారుస్తాయి. మధ్యలో పుక్కిలించమని మంచినీళ్లు ఇచ్చాం. కారం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నీళ్లు తాగితే మంట నోరంతా పాకుతుంది తప్ప పోదు. మూడో కప్పుకి వచ్చేసరికి ఇక ఆ నోటికి ఏం తెలుస్తుంది?

మళ్లీ పెట్టాం. వేడి సోనామసూరి అన్నం వంద గ్రాములకి పది గ్రాముల పచ్చడి తూకం వేసి కలిపాం. మధ్యలో నీళ్ల బదులు చిక్కటి పెరుగు, కప్పుకీ కప్పుకీ ఐదు నిమిషాల విరామం. అదే 24 మంది. ఈసారి 17 మంది పట్టుకున్నారు. మొదటిసారి తప్పు చెప్పిన డ్రైవరన్న అయితే ముద్ద నోట్లో పెట్టుకోకముందే, పళ్లెం దగ్గరికి రాగానే కప్పు చూపించాడు. మేము 'తేడా దొరకలేదు' అన్నదాన్ని 'తేడా లేదు' అని చదువుకున్నాం. ఆ రెండూ ఒకటి కాదు. తేడా లేదని ధైర్యంగా చెప్పాలంటే 24 మంది అసలు చాలరు.

నచ్చిందా లేదా అడిగే తొమ్మిది పాయింట్ల ఫారం (ఒకటి అంటే అస్సలు నచ్చలేదు, తొమ్మిది అంటే చాలా చాలా నచ్చింది) మీద కూడా నాకు కోపం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనికుల తిండి కోసం తయారైన కొలబద్ద అది. కొలబద్ద మంచిదే. దాన్ని ఇంగ్లిషులోనే ఉంచి మనవాళ్ల చేతికిచ్చేస్తారు, అదీ నా బాధ. తెలుగులో పెడితే ఇంకో చిక్కు: 'పర్వాలేదు'. మా ఇంట్లో మామగారు పర్వాలేదు అన్నారంటే ఎనిమిది. మా అబ్బాయి అన్నాడంటే మూడు. అందుకే ఆ మాటని ఫారంలోకి రానివ్వను. 'నచ్చిందని చెప్పలేను, నచ్చలేదనీ చెప్పలేను' అని పొడుగ్గా రాయిస్తాను. ఇంకో సంగతి, హైదరాబాద్‌లో ప్యానెల్ అంటే, అంటే రుచి చూసి చెప్పేవాళ్ల గుంపు, ఒక్క రకం నోరు కాదు. గుంటూరు నుంచి వచ్చినవాళ్లకి చాలని కారం మాదాపూర్‌లో ఉండే ఉత్తరాదివాళ్లకి కన్నీళ్లు తెప్పిస్తుంది. గోంగూరని పుంటికూర అనేవాళ్ల ఇంటి పచ్చడి వేరు. మీరు ఎవరికి అమ్ముతారో వాళ్లనే కూర్చోబెట్టండి. సేల్స్ మేనేజర్‌ని మాత్రం వద్దు, ఆయనకి ధర ముందే తెలుసు. అల్లం టీ తాగి వచ్చినవాళ్లని, సెంటు కొట్టుకుని వచ్చినవాళ్లని కూడా ఆరోజుకి పంపించెయ్యండి.

ఇంట్లోనే మొదలుపెడతారా, పెట్టండి. కానీ మీరు వంటింట్లోంచి బయటికి పోండి. నంబర్లు వేసిన గిన్నెలు వేరేవాళ్ల చేత ఇప్పించండి. పొడి అయితే నెయ్యి, అన్నంతో, లేదా ఇడ్లీతో, రేపు కొన్నవాళ్లు ఎలా తింటారో అలాగే పెట్టండి. మాటలు వినకపోయినా ఫర్వాలేదు, ఏ గిన్నె ఖాళీ అయిందో తూకం వేసి రాసుకోండి.

పైవాళ్లు మళ్లీ పూర్తి నువ్వుల నూనెకే వచ్చారు, సీసా ధర పెంచారు. మా ప్యానెల్ గదిలో రైస్ కుక్కర్ వచ్చింది. పరీక్ష పదకొండింటికి అయితే పదింపావుకి ఆ పెద్దావిడే వచ్చి స్విచ్ వేసేది.